డెబియన్ మీద ఎక్స్‌ఎఫ్‌సీఈ: ఐదేళ్లు దాటాక

చెత్తబుట్ట లేని డెస్క్‌టాప్ ఎలా ఉంటుందో నాకు మూడో రోజే తెలిసింది. డెబియన్ అనే లినక్స్ సిస్టమ్ మీద, కిటికీలు, మెనూలు చూపించే ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే డెస్క్‌టాప్ అప్పుడే వేసుకున్నాను. ఫైళ్లు చూసుకునే థునార్‌లో ఒక ఫోల్డర్ మీద డిలీట్ కొట్టాను. ఏదో అడిగింది. చదవకుండానే సరే అన్నాను. కాసేపటికి తప్పు ఫోల్డర్ తీసేశానని గుర్తొచ్చి చెత్తబుట్ట కోసం వెతికితే, అసలు బుట్టే లేదు. అది అడిగింది "శాశ్వతంగా తీసేయనా?" అని. రెండు నెలల ఫోటోలు పోయాయి. థునార్‌ని తిట్టి లాభం లేదు. తప్పనిసరి కాకపోయినా ఉంటే మంచిదని డెబియన్ తోడుగా వేసే సిఫారసు ప్యాకేజీలేవీ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు వద్దన్నది నేనే. చెత్తబుట్టను నడిపే జీవీఎఫ్‌ఎస్ అనే ప్యాకేజీ ఆ వద్దన్నవాటిలోనే ఉంది.

అది 2020 మొదట్లో సంగతి. 4 జీబీ ర్యామ్ ఉన్న పాత లాప్‌టాప్. అంతకుముందు దాంట్లో ఉన్న సిస్టమ్ ఆన్ అయి, కుదురుకుని, మన మాట వినడం మొదలుపెట్టేసరికి ఐదు నిమిషాలు పట్టేది. తేలికపాటిది ఏదైనా వేద్దామని డెబియన్ 10 మీద ఎక్స్‌ఎఫ్‌సీఈ పెట్టుకున్నాను. ఎల్‌ఎక్స్‌క్యూటీ అనే వేరే డెస్క్‌టాప్ ఇంకొంచెం తేలిక అంటారు, ఒక వారం వాడి చూశాను కూడా. తేడా నాకు పెద్దగా కనబడలేదు. మెనూలు, సెట్టింగులు ఎక్స్‌ఎఫ్‌సీఈలోనే ఎక్కడ ఉండాలో అక్కడ ఉన్నట్టు అనిపించి దీనికే వచ్చేశాను. (పేరు పలకడానికి ఎవరికైనా ఇబ్బందే. 1996లో మొదలైనప్పుడు కిటికీలు, బటన్లు గీసే ఎక్స్‌ఫార్మ్స్ అనే కోడ్ లైబ్రరీ మీద కట్టారు కాబట్టి మొదటి అక్షరాలు అక్కడివి. తర్వాత జీటీకే అనే అలాంటిదే ఇంకో లైబ్రరీ మీద తిరగరాశారు. పేరు మాత్రం అలాగే ఉండిపోయింది.)

ఇన్‌స్టాలేషన్‌లో నాకు రెండుచోట్ల దెబ్బ తగిలింది. మొదటిది వైఫై. అప్పట్లో డెబియన్ అధికారిక ఇన్‌స్టాలేషన్ ఇమేజ్‌లో వైఫై చిప్‌లకు కావాల్సిన ఫర్మ్‌వేర్, అంటే చిప్‌ను నడిపే చిన్న ప్రోగ్రామ్, ఉండేది కాదు. ఫోన్‌ని యూఎస్‌బీ కేబుల్‌తో కలిపి, దాని ఇంటర్నెట్ వాడుకుని గట్టెక్కాను. 2022లో డెబియన్ డెవలపర్లు ఓటు వేసి ఈ విధానం మార్చారు. 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12 నుంచి ఫర్మ్‌వేర్ ఇమేజ్‌లోనే వస్తోంది, కాబట్టి ఇప్పుడు ఆ తిప్పలు చాలావరకు లేవు. రెండోది ఈనాటికీ ఉంది. ఇన్‌స్టాలర్ రూట్ పాస్‌వర్డ్, అంటే అన్ని హక్కులూ ఉన్న అడ్మిన్ అకౌంట్ పాస్‌వర్డ్, అడుగుతుంది. బుద్ధిగా ఇచ్చామనుకోండి, మన సొంత అకౌంట్‌కి సుడో హక్కు, అంటే అడ్మిన్ పనులు చేసుకునే హక్కు, రాదు. ఆ గడి ఖాళీగా వదిలేస్తే మొదటి యూజర్‌కే సుడో వస్తుంది. ఇది తెలియక మొదటి సాయంత్రమంతా "నీకు అనుమతి లేదు" అనిపించుకుంటూ గడిపాను.

ఇక అసలు సంగతి. ఇన్‌స్టాలర్‌లో డెస్క్‌టాప్ టిక్ తీసేసి, నల్ల తెర మీద లాగిన్ అయి, తెరను నడిపే ఎక్స్‌ఆర్గ్, ఎక్స్‌ఎఫ్‌సీఈ4, లాగిన్ తెర చూపించే లైట్‌డీఎం ఈ మూడు ప్యాకేజీలే, అదీ సిఫారసులు లేకుండా వేశాను. లాగిన్ కాగానే ర్యామ్ చూసుకుంటే 400 ఎంబీ లోపే. మురిసిపోయి స్క్రీన్‌షాట్ తీద్దామనుకుంటే స్క్రీన్‌షాట్ తీసే ప్రోగ్రామ్ లేదు.

అక్కడి నుంచి నెల రోజులు అదే వరస. మెనూ, గడియారం ఉండే పట్టీ, అంటే ప్యానెల్‌లో నెట్‌వర్క్ గుర్తు లేదు. సౌండ్ గుర్తు లేదు. పెన్‌డ్రైవ్ పెడితే ఉలుకూ పలుకూ లేదు, థునార్ వోల్‌మ్యాన్ వేయాలట. ఫోల్డర్‌లో బొమ్మల నమూనాలు కనబడవు, దానికి టంబ్లర్ కావాలట. అడ్మిన్ అనుమతి కావాల్సిన ప్రోగ్రామ్ తెరిస్తే పాస్‌వర్డ్ పెట్టె రాకుండానే మూసుకుపోయేది, ఎందుకంటే ఆ పెట్టెను చూపించే పోల్‌కిట్ ఏజెంట్ లేదు. మూత మూసి తెరిస్తే పాస్‌వర్డ్ అడగకుండా నేరుగా డెస్క్‌టాప్ వచ్చేసేది, అది కూడా వేరే ప్యాకేజీయే. చివరికి తెలుగు టైపింగ్ కూడా అంతే. నోటో తెలుగు ఫాంట్లు వేసి అక్షరాల బదులు వచ్చే డబ్బాలు పోగొట్టాను, వేరే భాషల్లో టైప్ చేయనిచ్చే ఐబస్ వేశాను, తెలుగు కీబోర్డ్ చేర్చాను, అయినా ఎడిటర్‌లో ఇంగ్లిషే పడుతోంది. రెండు రోజులు కొట్టుకున్నాక తేలింది, జీటీకే ప్రోగ్రాములకు ఐబస్‌ని కలిపే చిన్న ముక్క కూడా సిఫారసుల జాబితాలోదే.

ఇవన్నీ ఒక్కొక్కటే వేసుకుంటూ పోయాక మళ్లీ ర్యామ్ చూశాను. 520 ఎంబీ. అంటే నెల రోజులు తంటాలు పడి, ఫోటోలు పోగొట్టుకుని నేను మిగుల్చుకోబోయింది వంద చిల్లర ఎంబీ. బ్రౌజర్‌లో ఒక్క ట్యాబ్ దానికంటే ఎక్కువ తినేస్తుంది. కాబట్టి ఎవరైనా అడిగితే నేను చెప్పేది ఒకటే: సిఫారసులతో సహా వేసుకోండి, లేదా ఇన్‌స్టాలర్‌లోనే ఎక్స్‌ఎఫ్‌సీఈ టిక్ పెట్టి వదిలేయండి. డెస్క్‌టాప్ అనేది ఎన్ని చిన్న ముక్కల కూర్పో తెలుసుకోవాలనే సరదా ఉంటే మాత్రం నా దారి మంచిదే. ముందు బ్యాకప్ తీసుకోండి.

వేగం గురించి కూడా ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. ఎక్స్‌ఎఫ్‌సీఈ వేశాక మెషీన్ బాగుపడింది నిజమే. కానీ ఆరు నెలల తర్వాత పాత హార్డ్‌డిస్క్ తీసేసి ఎస్‌ఎస్‌డీ పెట్టినప్పుడు కనబడిన తేడా ముందు అది చిన్నదే. ట్యాబ్‌లు పదిహేను దాటితే మాత్రం ఎస్‌ఎస్‌డీ కూడా కాపాడలేదు. జీర్యామ్ పెట్టాక, అంటే ర్యామ్‌లోనే కొంత భాగాన్ని కుదించి స్వాప్‌లా (ర్యామ్ నిండితే వాడే అదనపు చోటులా) వాడుకునే ఏర్పాటు చేశాక, బిగుసుకుపోవడం తగ్గింది.

వాడకంలో విసిగించినవి చెప్తాను. మొదటి ఏడాది వీడియోలు చూస్తుంటే తెర మధ్యలో అడ్డంగా చీలినట్టు గీత పడేది. డెబియన్ 10లో ఉన్నది ఎక్స్‌ఎఫ్‌సీఈ 4.12, అంటే 2015లో విడుదలైన వెర్షన్. తర్వాతి 4.14 రావడానికి నాలుగేళ్లకు పైనే పట్టింది, అందులో ఈ గీత సమస్యకు మందు ఉంది. 2021లో డెబియన్ 11కి మారి 4.16 రాగానే నేను చెయ్యి పెట్టకుండానే గీత మాయమైంది. అంతదాకా గంటలకొద్దీ ఏవేవో సెట్టింగులు తిప్పాను, అదంతా వృథా.

కిటికీ అంచులు ఇంకో తలనొప్పి. డిఫాల్ట్ థీమ్‌లో అంచు ఎంత సన్నగా ఉంటుందంటే, సైజు మార్చడానికి మౌస్‌తో దాన్ని పట్టుకోవడం సూదిలో దారం ఎక్కించినట్టే. ఆల్ట్ నొక్కి పట్టుకుని కిటికీ మీద ఎక్కడైనా కుడి బటన్‌తో లాగితే సైజు మారుతుందని రెండేళ్లకు తెలిసింది. ఇప్పుడు వేరే డెస్క్‌టాప్ ముందు కూర్చున్నా చెయ్యి ఆల్ట్ మీదకే పోతోంది.

అన్నిటికంటే టెన్షన్ పెట్టింది తెర తాళం. లైట్‌లాకర్ వేశాక ఒక్కోసారి మూత తెరిస్తే తెర నల్లగా ఉండిపోయేది. పని సేవ్ చేయలేదు, పవర్ బటన్ నొక్కాలా వద్దా అని గుండె దడ. కంట్రోల్, ఆల్ట్‌తో ఎఫ్1 నొక్కి, మళ్లీ ఎఫ్7 నొక్కితే చాలాసార్లు వెలుగు వచ్చేది. తర్వాత దాన్ని తీసేసి ఎక్స్‌ఎఫ్‌సీఈ సొంత స్క్రీన్‌సేవర్ పెట్టాక ఆ బాధ పోయింది.

ఒకసారి ప్యానెల్ మొత్తం మాయమైంది. ఆల్ట్ ఎఫ్2 నొక్కి దాని పేరు టైప్ చేస్తే తిరిగొచ్చింది, కానీ లాగిన్ అయిన ప్రతిసారీ మళ్లీ లేదు. హోమ్‌లోని క్యాష్ ఫోల్డర్‌లో సేవ్ అయిన పాత సెషన్ తుడిచేస్తే సరిపోయింది.

ఇన్ని చెప్పాక, మరి ఎందుకు వదల్లేదంటారేమో. డెబియన్ 10 నుంచి 11, 12, ఇప్పుడు 13 దాకా మూడుసార్లు మారాను. ప్యానెల్ మొదటి వారంలో ఎడమ పక్కన నిలువుగా పెట్టుకున్నాను. మూడు అప్‌గ్రేడ్‌ల తర్వాత కూడా అక్కడే ఉంది, అదే వెడల్పుతో. నేను పెట్టుకున్న షార్ట్‌కట్ ఒక్కటి కూడా మారలేదు. కొత్తగా వచ్చినవి కూడా అడ్డం పడకుండా వచ్చాయి. 4.18లో థునార్‌కి రెండు ఫోల్డర్లు పక్కపక్కన చూసే వీలు, అన్‌డూ వచ్చాయి. అన్‌డూ వచ్చిందని చదివినప్పుడు ఆ ఫోటోలే గుర్తొచ్చాయి, శాశ్వతంగా తీసేసినవాటికి అది పనిచేయదనుకోండి.

రెండు తెరలు వాడేవాళ్లకు ఒక మాట. ఒకటి మామూలు తెర, ఇంకొకటి బాగా సన్నని చుక్కలున్నది అయితే రెండింటిలోనూ అక్షరాలు సరైన సైజులో రావడం, ఎక్స్‌ఆర్గ్ తెరను నడిపే పాత పద్ధతి ఎక్స్‌11 మీద కష్టం. నేను ఫాంట్ డీపీఐ (అక్షరాల సైజును మార్చే అంకె) పెంచి సర్దుకుంటున్నాను, తెలుగు ఒత్తులు అలికినట్టు కాకుండా కనబడేది కూడా అప్పుడే. 2024 డిసెంబర్‌లో వచ్చిన 4.20లో, ఎక్స్‌11 బదులు వస్తున్న కొత్త పద్ధతి వేలాండ్‌కు మద్దతు ప్రయోగదశలో ఉంది, కానీ కిటికీలను నడిపే ఎక్స్‌ఎఫ్‌సీఈ సొంత విండో మేనేజర్ ఇంకా అటు వెళ్లలేదు. లాబ్‌డబ్ల్యూసీ లాంటి వేరేదాన్ని తోడు పెట్టుకోవాలి. అలవాటైన పని మీద ఆ ప్రయోగం నేను చేయను. ఇంకోటి, మీ మెషీన్ 32 బిట్ మాత్రమే అయితే డెబియన్ 13కి ఇన్‌స్టాలరే లేదు, ముందే చూసుకోండి.

పాత లాప్‌టాప్ బ్యాటరీ ఇప్పుడు అరగంట కూడా ఆగడం లేదు. 16 జీబీ ర్యామ్ ఉన్న కొత్తది వచ్చింది. తేలికైనది వేయాల్సిన అవసరమేమీ లేకపోయినా దాంట్లోనూ ఇదే వేశాను, ఇన్‌స్టాలర్‌లో టిక్ పెట్టి, సిఫారసులన్నిటితో. పాతదాంట్లోని సెట్టింగులుండే కాన్ఫిగ్ ఫోల్డర్ తెచ్చి పడేసి లాగిన్ అయితే ప్యానెల్ ఎడమ పక్కన నిలువుగా వచ్చి కూర్చుంది. థునార్ తెరిచి, ఒక ఖాళీ ఫైల్ తీసేసి, అది బుట్టలో పడిందని చూసుకున్నాకే ఫోటోలు కాపీకి పెట్టాను.