క్రాసీ రోడ్: చెట్టు మీంచి దూకిన ఎలుగు కోసమే ఇంకా ఫోన్లో ఉంచుకున్నా

కోడి రోడ్డు దాటాలి, బండి కింద పడకూడదు, ఎక్కువసేపు ఆగితే గద్ద ఎత్తుకుపోద్ది, ఇదంతా అందరికీ తెలిసిందే కాబట్టి రాయట్లేదు. క్రాసీ రోడ్ 2014లో వచ్చిన ఫోన్ గేమ్. నేను ఇప్పటికీ ఆడుతున్నానంటే స్కోర్ కోసం కాదు, స్కోర్ నేను చూడను కూడా, కోడి బదులు పెట్టుకుని ఆడే జంతువుల కోసమే ఆడతా.

గేమ్‌లో ఏరుకున్న కాయిన్స్ వంద అవ్వగానే అందులోనే ఉండే మెషీన్లో వేస్తే ఒక డబ్బా పడుద్ది చూడండి, అందులోంచి ఏమొస్తుందో అని చూసే ఆ రెండు సెకన్లు ఉన్నాయే, అబ్బ, తిరునాళ్ళలో లాటరీ చీటీ విప్పినట్టే ఉంటది. వచ్చింది ఉత్త బొమ్మ కూడా కాదు, బాతు బాతులాగే అరుస్తది, దెయ్యం తీసుకుంటే ఊరంతా చీకటైపోద్ది, అంటే ఒక్కోదానితో కొత్త గేమ్ ఆడినట్టే.

అసలు చెప్పాలనుకుంది డ్రాప్ బేర్ గురించి. ఒకరోజు మా అమ్మాయి ఆస్ట్రేలియా జంతువుల్లో ఒకదాన్ని పెట్టుకుని ఆడుతోంది, ఉన్నట్టుండి "నాన్నా, చెట్టు మీంచి ఏదో దూకి చంపేసింది" అని గట్టిగా అరిచింది. బండి లేదు, రైలు లేదు, గద్ద కూడా కాదు. చూస్తే ఆ దూకిందే డ్రాప్ బేర్, ఓడిపోయినందుకే దాన్ని కొత్త జంతువుగా ఇచ్చారు! ఇలాంటి సీక్రెట్ జంతువులు మెషీన్లో ఎన్ని కాయిన్స్ పోసినా రావంట. మెల్‌బోర్న్‌లో ఉండే మా బావమరిదికి వీడియో కాల్ చేసి చూపిస్తే తెగ నవ్వాడు, "అలాంటి ఎలుగు ఎక్కడా లేదు బావా, కొత్తగా వచ్చినోళ్ళని భయపెట్టడానికి ఇక్కడ అందరూ చెప్తారు, నాక్కూడా చెప్పారు" అన్నాడు. కోలా లాంటిదే గానీ మాంసం తింటదంట, చెట్టు మీంచి మనుషుల మీద పడుద్దంట. సిడ్నీలో ఉన్న ఆస్ట్రేలియన్ మ్యూజియం వాళ్ళు కూడా నిజం జంతువుకి రాసినట్టే దీనికి వెబ్‌సైట్లో ఓ పేజీ పెట్టారు. గేమ్ చేసిన వాళ్ళు ఆస్ట్రేలియా వాళ్ళే, తమ ఊరి కబురు ఒకటి తెచ్చి అలా చెట్టెక్కించి దాచిపెట్టడం నాకు ఎంత నచ్చిందో చెప్పలేను. ఆ రోజు నుంచి మా అమ్మాయి ఏ జంతువు వచ్చినా ఇందులో ఏం దాచారో అని ముందు అదే వెతుకుతది.

మెషీన్ గురించి పైన అంత చెప్పా కదా, అది మొదట్లో మాట. సగం జంతువులు వచ్చేసాక వంద వేస్తే ఉన్నదే మళ్ళీ రావడం ఎక్కువైపోద్ది, ఆ రెండు సెకన్ల సరదా కూడా కొంచెం తగ్గుద్ది. నాకు షాపులో గిరాకీ లేనప్పుడు ఓ ఐదు నిమిషాలు, రాత్రి పాపతో కాసేపు, అంతే, కాబట్టి పెద్దగా విసుగు రాలేదు. గంటలు గంటలు ఆడేవాళ్ళకి నేను చెప్పలేను. చిన్నపిల్లలున్న ఇంట్లో మాత్రం పెట్టుకోండి, ఆస్ట్రేలియా జంతువు ఏదన్నా వస్తే కాసేపు చెట్ల పక్కనే తిప్పండి.