"అమ్మమ్మ కాలం నాటి సుజానీ" అంటే ఆగండి: నురాతాలో నాకు జరిగింది

ఉజ్బెకిస్తాన్ టూర్‌కి డబ్బు కట్టినవాళ్లు, కట్టబోతున్నవాళ్లు ఇది కాస్త ఓపిగ్గా చదవండి. ముఖ్యంగా సమర్‌ఖండ్, బుఖారాలతో పాటు "పల్లెటూరి అనుభవం" అని రెండు రోజులు అదనంగా కలిపిన ప్యాకేజీ తీసుకున్నవాళ్లు. ఆ రెండు రోజుల్లోనే నేను సుజానీ అనే పాత చేతికుట్టు దుప్పటి కొనబోయి 260 డాలర్లు పోగొట్టుకున్నాను. మన లెక్కలో 22,000 రూపాయలకు పైమాటే. డబ్బు పోయిన బాధ ఒకటైతే, మోసం జరిగిన తీరు ఇంకా ఎక్కువ బాధపెట్టింది. అందుకే ఎవరు ఏం చెప్పారో, నేను ఎక్కడ పొరపాటు పడ్డానో వరసగా రాస్తున్నాను.

మా పిన్ని కొడుకు సమర్‌ఖండ్‌లో ఎంబీబీఎస్ చదువుతున్నాడు. మన తెలుగు పిల్లలు అక్కడ చాలామందే ఉన్నారు. వాడిని చూసినట్టూ ఉంటుంది, దేశం చూసినట్టూ ఉంటుందని ఏప్రిల్‌లో నేనూ మా చెల్లీ బయల్దేరాం. ఢిల్లీ నుంచి తాష్కెంట్‌కి మూడు గంటల విమానం. అక్కడి నుంచి సమర్‌ఖండ్‌కి ఆఫ్రోసియాబ్ రైల్లో రెండు గంటల పైన. ఈ భాగంలో ఏ ఇబ్బందీ లేదు. రెజిస్తాన్, బీబీ ఖానుమ్ మసీదు, షా-ఇ-జిందా అన్నీ తమ్ముడే దగ్గరుండి చూపించాడు. తర్వాత వాడికి పరీక్షలు. నురాతాకి మేమిద్దరమే ఏజెంటు పంపిన కారులో వెళ్లాం.

నురాతా నవాయీ ప్రాంతంలో కొండల పక్కన ఉన్న చిన్న ఊరు. సమర్‌ఖండ్ నుంచి మాకు మూడున్నర గంటలు పట్టింది. ఊరి మధ్యలో చష్మా అనే ఊట ఉంది. నీళ్లు అద్దంలా ఉంటాయి, అందులో చేపలు గుంపులు గుంపులుగా తిరుగుతుంటాయి. వాటిని పవిత్రంగా చూస్తారు, ఎవరూ పట్టరు, తినరు. ఊట పక్కనే మసీదు, వెనక గుట్ట మీద కరిగిపోయిన మట్టి కోట. అలెగ్జాండర్ కట్టించాడని ఊళ్లో చెప్పుకుంటారు. సాయంత్రం ఆ గుట్ట ఎక్కి కూర్చుంటే కింద గాడిద బండి చప్పుడు కూడా వినిపించేంత ప్రశాంతంగా ఉంది. ఎదురైన ప్రతి పెద్దాయనా గుండె మీద చెయ్యి పెట్టుకుని సలాం చెప్పాడు. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, నేను ఈ ఊరి మీద రాయడం లేదు. ఊరు బంగారం. ఆ ఊరికి మమ్మల్ని తీసుకెళ్లే పద్ధతి మీద రాస్తున్నాను.

గుట్ట దిగాక డ్రైవరు "ఇక్కడ ఒక పాత కుటుంబం ఉంది, టీ తాగి వెళ్దాం" అన్నాడు. మా ప్రోగ్రామ్ కాగితంలో ఇది లేదు. ఆ ఒక్క మాట దగ్గరే నేను ఆగి ఉండాల్సింది. ఊరి చివర ఒక ఇంటికి తీసుకెళ్లాడు. వాకిట్లో తాప్చాన్, అంటే మన ఊళ్లలో పందిరి కింద వేసే పెద్ద మంచం లాంటిది. దాని మీద కూర్చోబెట్టి గ్రీన్ టీ, ఎండుద్రాక్ష, బాదం పెట్టారు. ఒక పెద్దావిడ లోపలికి వెళ్లి పాత చెక్కపెట్టె తెరిచి, తెల్లగుడ్డలో చుట్టిన సుజానీ తెచ్చి మా ముందు పరిచింది.

తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. సుజానీ అంటే పెద్ద గుడ్డ మీద దారంతో పువ్వులు, తీగలు, దానిమ్మకాయలు కుట్టిన దుప్పటి. ఫారసీలో సూజన్ అంటే సూది, ఆ పేరే దీనికి. ఆడపిల్ల పుట్టిన దగ్గర్నుంచి ఇంట్లో ఆడవాళ్లు కుట్టుకుంటూ వచ్చి, పెళ్లికి సారెలో పెట్టి పంపేవారు. నురాతా సుజానీలకి ప్రత్యేకమైన పేరుంది: తెల్లటి నేల మీద విడివిడిగా పూలగుత్తులు, మధ్యలో ఒక నక్షత్రం. చేత్తో కుట్టాలంటే నెలలు పడుతుంది. పెద్దదైతే ఏడాది దాటుతుంది.

పెద్దావిడ ఉజ్బెక్‌లో ఏదో చెప్పి కళ్లు తుడుచుకుంది. డ్రైవరు తర్జుమా చేశాడు: "ఇది వాళ్ల అమ్మమ్మ సారెలో వచ్చింది. 80 ఏళ్లది. మనవడి పెళ్లి కోసం అమ్ముతున్నారు. బజారులో పెడితే తక్కువ ఇస్తారు, మీరు మంచి మనుషులు కాబట్టి చూపిస్తున్నారు." ముందు 450 అన్నారు. చివరికి 260 డాలర్ల దగ్గర ఆగింది. కార్డు లేదు, నోట్లే. రసీదు అడిగితే "ఇల్లు కదా, షాపు కాదు" అన్నాడు. నిజమే కదా అనిపించింది. చీకటి పడుతోంది, వాకిట్లో ఒక్కటే బల్బు. టీ తాగాక, ఆవిడ కన్నీళ్లు చూశాక, గుడ్డని తిరగేసి పరీక్షిస్తే బాగోదేమో అనిపించింది. ఆ మొహమాటం మీదే వీళ్ల వ్యాపారమంతా నడుస్తోంది.

ఆ రాత్రి మేం ఉన్న గెస్ట్‌హౌస్ వేరే కుటుంబానిది. ఆ ఇంటావిడని మేం "ఓపా" అని పిలిచాం, అంటే అక్క. పొద్దున్నే ఆవిడ కోడలు కిటికీ దగ్గర కూర్చుని కుడుతోంది. తెల్లగుడ్డ మీద నీలం గీతలతో పువ్వుల బొమ్మ గీసి ఉంది. ఆ గీతలు గీసేవాళ్లని కలంకష్ అంటారట. మన కలంకారీలో ఉన్న కలమే ఇదీ. కోడలు దారాన్ని పూరేకు అంత పొడుగునా పరిచి, దాని మీద చిన్న చిన్న అడ్డకుట్లతో పట్టి వేస్తోంది. పది నిమిషాలు చూశాం. ఒక ఆకులో సగం కూడా నిండలేదు.

మా మూట చూసి ఓపా "చూడొచ్చా?" అన్నట్టు చెయ్యి చాపింది. సంతోషంగా ఇచ్చాను. ఆవిడ విప్పింది. ముందువైపు ఒక్క క్షణం చూసింది. వెంటనే అంచు తిరగేసి, వెనకవైపు వేలితో రాసి చూసింది. కోడలి వైపు ఒకసారి చూసింది. ఏమీ అనకుండా నాలుగు మడతలు వేసి నా ఒళ్లో పెట్టి, నా గిన్నెలో టీ పోసింది. ముచ్చటపడి మాట రాలేదనుకున్నాను. ఇంటికొచ్చిన అతిథి మనసు కష్టపెట్టకూడదని ఆవిడ నోరు కట్టేసుకుందని గుంటూరు వచ్చాక గానీ నాకు అర్థం కాలేదు.

మా అమ్మ పాతికేళ్లుగా జాకెట్లకి మగ్గం వర్క్ చేస్తోంది. సుజానీ ఇచ్చి "80 ఏళ్లది" అన్నాను. అమ్మ కూడా సరిగ్గా ఓపా చేసిన పనే చేసింది. ముందు తిరగేసింది. కళ్లజోడు పెట్టుకుని, లైటు కింద పెట్టి చూసి, "ఇది కంప్యూటర్ వర్కే అమ్మాయ్" అంది.

వెనక అంతా ఒకటే తెల్లదారం. ముందు ఎరుపు పువ్వు, నీలం ఆకు, పసుపు తీగ ఏది ఉన్నా వెనక మాత్రం సన్నటి తెల్ల బాబిన్ దారమే, అంటే మిషనులో కిందివైపు నుంచి వచ్చే దారం. చేత్తో కుట్టినదైతే ముందున్న రంగు దారమే వెనకా కనపడాలి, ముడులుండాలి, ఒక కొస నుంచి ఇంకో కొసకి దారం దూకిన జాడలుండాలి. తర్వాత అమ్మ అతుకుల మీద వేలు పెట్టింది. పాత సుజానీలు సన్నటి గుడ్డ పట్టీలు కలిపి కుట్టినవి. బొమ్మ గీశాక పట్టీలు విడదీసి తలా ఒకటి తీసుకుని కుట్టి, చివర్లో మళ్లీ అతుకుతారు. అందుకే అతుకు దగ్గర పువ్వు కాస్త పక్కకి జరిగి ఉంటుంది, రెండు సగాల రంగు కూడా ఒక్కోసారి తేడాగా ఉంటుంది. నేను తెచ్చినదానిలో అతుకులు ఉన్నాయి. కానీ అవి రెండు గుడ్డల్ని కలపడం లేదు. ఒకే గుడ్డని మడిచి మిషను మీద ఉత్త కుట్టు వేశారు, అతుకులా కనపడాలని. పువ్వు దాని మీంచి తేడా లేకుండా సాగిపోయింది.

చివరికి ఒక మూల తడిపాం. నీళ్లు టీ రంగులోకి తిరిగాయి. కింద గుడ్డ తళతళా తెల్లగా బయటపడింది. పాతదిగా కనపడాలని టీ డికాషన్‌లో ముంచారన్నమాట. మా చెల్లి ఆ మూల పట్టుకుని ఏడ్చేసింది. ఆ డబ్బులో సగం దాని మొదటి జీతంలోంచి దాచుకున్నది.

ఇక్కడ అందరూ గమనించాల్సింది ఇంకోటి ఉంది, నా దృష్టిలో ఇదే అసలు ప్రమాదం. ఒకవేళ అది నిజంగానే 80 ఏళ్ల సుజానీ అయితే? ఉజ్బెకిస్తాన్‌లో 50 ఏళ్లు దాటిన కళావస్తువుల్ని అక్కడి ప్రభుత్వం ఇచ్చే ధ్రువపత్రం లేకుండా దేశం దాటించకూడదు. ఎయిర్‌పోర్టులో బ్యాగు తెరిచి అడిగితే మన దగ్గర ఆ కాగితం ఉండదు, రసీదూ ఉండదు. అంటే అమ్మినవాళ్లు చెప్పింది అబద్ధమైతే డబ్బు పోయినట్టు, నిజమైతే వస్తువు పోయి, పైగా కస్టమ్స్ వాళ్ల ముందు సంజాయిషీ చెప్పుకోవాల్సినట్టు. ఎలా చూసినా మునిగేది కొన్నవాళ్లే. కాగితం చూపించకుండా "పాతది" అనే మాట ఎవరు అన్నా అక్కడే లేచి వచ్చేయండి.

తిరిగొచ్చాక ఏజెంటుకి ఫొటోలు పంపాను. "మీ సొంత షాపింగుకి మాకు సంబంధం లేదు" అని ఒక్క లైను. మరి ప్రోగ్రామ్‌లో లేని ఇంటికి మీ కారు ఎందుకు తీసుకెళ్లిందని అడిగితే జవాబు లేదు. డ్రైవరు నంబరు మోగుతుంది, ఎత్తడు. నా దగ్గర నోట్లు ఇచ్చిన రుజువు ఏదీ లేదు కాబట్టి ఇంతకంటే ముందుకు వెళ్లలేకపోయాను.

కాబట్టి డబ్బు కట్టే ముందే, ఏయే ఇళ్లకి, షాపులకి తీసుకెళ్తారో రాతపూర్వకంగా ఇమ్మని ఏజెంటుని అడగండి. ఆ కాగితంలో లేనిచోట కారు ఆగితే దిగకండి. "అలసిపోయాం, గెస్ట్‌హౌస్‌కి పోనివ్వండి" అంటే చాలు, ఎవరూ బలవంతం చెయ్యరు. కొనాలనుంటే పగటి వెలుతురులో, డ్రైవరు లేకుండా, మీ కాళ్ల మీద మీరు వెళ్లండి. నురాతా చిన్న ఊరే, నడిచే చూడొచ్చు. గుడ్డ చేతికి రాగానే తిరగేయండి. తప్పుగా అనుకుంటారేమోనని భయపడొద్దు. చేత్తో కుట్టేవాళ్లు వెనకవైపు గర్వంగా చూపిస్తారని ఓపా కోడల్ని చూశాక నమ్మకంగా చెప్పగలను. కుట్టు పక్కన ఎక్కడైనా గీసిన గీత మిగిలి ఉందేమో వెతకండి. ఒకేలాంటి రెండు పువ్వుల్ని పక్కపక్కన పెట్టి చూడండి, చేతి పనిలో అచ్చు గుద్దినట్టు రెండూ ఒకేలా ఉండవు. తెల్ల కర్చీఫ్ తడిపి ఎర్రరంగు మీద మెల్లగా అద్దడం కూడా చెయ్యొచ్చు. అయితే రంగు అంటినంత మాత్రాన నకిలీ అనుకోకండి, మంచి దుప్పటిలో కూడా ఒక్కోసారి ఎరుపు కారుతుంది. వెనకవైపే గట్టి సాక్ష్యం.

మిషను మీద కుట్టినది కొనడం తప్పేం కాదు. బజారుల్లో అవి దొరుకుతాయి, మిషనుదని చెప్పే అమ్మితే, ఆ ధరకే ఇస్తే సోఫా మీదకి హాయిగా తెచ్చుకోవచ్చు. దాన్నే అమ్మమ్మ సారె అని కన్నీళ్లతో అమ్మితే, మనతో పాటు నిజంగా కళ్లు పోగొట్టుకుని కుట్టే ఆడవాళ్లూ నష్టపోతున్నారు. మనం ఒకసారి మోసపోయి వస్తే ఆ ఊళ్లో ఎవరు చూపించినా ఇక నమ్మం కదా. గుంటూరులో మా అమ్మ పడుతున్న బాధా ఇదే. కంప్యూటర్ వర్క్‌ని మగ్గం వర్క్ అని చెప్పి అమ్మే షాపుల వల్ల రోజంతా చట్రం ముందు వంగి కూర్చునేవాళ్లకి కూలి గిట్టడం లేదు.

పోయిన నెల తమ్ముడి చేత గెస్ట్‌హౌస్‌కి ఫోన్ చేయించాను. ఓపాకి జరిగింది చెప్పాడు. ఆవిడ చాలాసేపు మాట్లాడలేదట. తర్వాత "ఆ రోజు చెప్పలేకపోయాను, మీ ఇద్దరి ముఖాల్లో సంతోషం చూసి" అందట. ఆవిడ మీద నాకు ఏ కోపమూ లేదు. కోడలు ఆ రోజు కుడుతున్న గుడ్డ ఎవరి కోసమని అడిగితే, ఇంకా ఎవరూ అడగలేదంది. సగం డబ్బు పంపాను. తమ్ముడు చలికాలం సెలవులకి వచ్చేటప్పుడు తెస్తాడు. నిన్న ఫొటో పంపారు, వెనకవైపుది. ముడులన్నీ కనపడుతున్నాయి. అమ్మ ఫోన్ దగ్గరికి లాక్కుని పెద్దది చేసుకుని మరీ చూసింది.