బూండాక్స్‌కు తెలుగులో ఏ మాట మేలు: మారుమూలా, కుగ్రామమా?

నల్లగొండలో అనువాదం నేర్చుకునే పిల్లలు నన్ను తరచుగా అడిగే మాటల్లో ‘బూండాక్స్’ ఒకటి. ఊళ్లకు దూరంగా పడి ఉన్న చోట్లను అమెరికన్లు అలా అంటారని వారికి తెలుసు; దానికి ‘మారుమూల’ రాయాలా, ‘కుగ్రామం’ రాయాలా అన్నదే సందేహం. ఈ మధ్య ఒక వ్యాసాన్ని తెలుగు చేస్తూ నేనూ అక్కడే ఆగి, చివరికి ‘మారుమూల’ను ఎంచుకున్నాను.

నా దృష్టిలో ఈ చిక్కును తేల్చేది ఆ మాట పుట్టుక. ఫిలిప్పీన్స్‌లోని తగలాగ్ భాషలో ‘బుందోక్’ అంటే కొండ. 1899లో మొదలైన ఫిలిప్పీన్స్–అమెరికా యుద్ధంలో అక్కడి పోరాటకారులు కొండలెక్కి గెరిల్లా పోరు సాగించగా, వారిని వెతుకుతూ తిరిగిన అమెరికన్ సైనికులు ఆ మాటను పట్టుకుని, దారీతెన్నూ తెలియని చోట్లన్నిటికీ వాడి, తమ బహువచనాన్ని కూడా తగిలించారు. ‘బూనీస్’ దాని కురచ రూపం. కొండ మీద ఉండేవారికి తమ నేలను చెప్పే మాట, కింది నుంచి వచ్చినవారి నోట దూరానికి పేరైంది. కొండవాడు అనే అర్థమున్న ‘తగా బుందోక్’ను ఫిలిప్పీన్స్ పట్టణవాసులు కూడా ఈసడింపుగా వాడతారు.

మన దగ్గర ఇలాంటి గతే పట్టిన మాట ‘పెంట’. నాగర్‌కర్నూల్ జిల్లా అమ్రాబాద్ అడవుల్లో చెంచుల ఆవాసాలను పెంటలంటారు. అప్పాపూర్ పెంట అలాంటిదే. వారికది ఇల్లూ వాకిలీ ఉన్న చోటు. మైదానపు తెలుగులో మాత్రం పెంట అంటే పేడకుప్ప, చెత్తకుప్ప. బూండాక్స్ పుట్టుకను వివరించడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ నాకు కనబడదు గాని, అనువాదంలో ఆ మాట పెడితే చెంచుల ఊరిని మనమే కించపరిచినవాళ్లమవుతాం.

మూలార్థాన్ని పట్టుకుని ‘కొండ’ అందామా అంటే, ఈ సీమలో కొండ దూరానికి గుర్తు కాదు. రేచర్ల పద్మనాయకులు రాచకొండ, దేవరకొండల నుంచే రాజ్యమేలారు. నల్లగొండ పేరులోనే కొండ ఉంది. ‘తండా’ లంబాడీల ఊరే తప్ప దూరానికి మారుపేరు కాదు. ‘కాకులు దూరని కారడవి’ కథలకు బాగుంటుంది.

మిగిలినవి రెండు. ‘కుగ్రామం’లోని ‘కు’, కుయుక్తిలోనూ కుతర్కంలోనూ ఉన్న ‘కు’యే, చిన్న ఊరనే అర్థంలోనే రాసినా ఆ ఊరి మీద ఒక మచ్చ వేసే వస్తుంది. పైగా అది ఒక ఊరికే సరిపోతుంది, బూండాక్స్ ఒక ప్రాంతమంతటినీ కమ్మే మాట. ‘మారుమూల’లో మారుపేరు, మారువేషం వంటి మాటల్లో ఉన్న ‘మారు’ ఉంది. అది మరో మూలన ఉన్నదని మాత్రమే చెబుతుంది, అక్కడి మనుషుల గురించి ఏ తీర్పూ ఇవ్వదు. చందంపేట వైపు వారు సైతం మాది మారుమూల మండలమని తామే చెప్పుకుంటారు గాని, మాది కుగ్రామమని చెప్పుకోగా నేను వినలేదు.

బూండాక్స్‌లో ఉన్న చులకన ‘మారుమూల’లో రాదన్నది నిజమే. మూలంలో మాట్లాడే పాత్రకు ఆ చులకన ఉంటే, దానిని పేరులో కాక వాక్యంలో చూపించవచ్చు: ‘ఆ మారుమూలకు ఎవడు పోతాడు?’