ఎల్‌డీహెచ్ కిట్: రీఏజెంట్ మంచిదే, ఇన్‌సర్టే చాలదు

రక్తంలో ఎల్‌డీహెచ్ (లాక్టేట్ డీహైడ్రోజినేస్ అనే ఎంజైము) కొలవడానికి, సెమీ ఆటో అనలైజర్‌తో (శాంపిల్, రీఏజెంట్ చేత్తో కలిపి పెడితే రీడింగ్ తీసే మెషీన్) నడిచే చిన్న ల్యాబుకు పైరువేట్ నుంచి లాక్టేట్ పద్ధతిలో (ఎంజైము పైరువేట్‌ను లాక్టేట్‌గా మార్చే వేగాన్ని కొలిచే పద్ధతి) పనిచేసే రెండు సీసాల రీఏజెంట్ (పరీక్ష రసాయనం) కిట్ బాగానే సరిపోతుంది. రిజల్టు తప్పితే చాలాసార్లు తప్పు కిట్‌ది కాదు, శాంపిల్‌ది. ఆ సంగతి ఇన్‌సర్టులో (కిట్‌తో వచ్చే సూచనల కాగితం) ఒక్క ముక్కలో తేల్చేస్తారు.

ఎల్‌డీహెచ్ నాలుగు సబ్‌యూనిట్ల ఎంజైము. గుండె రకం హెచ్, కండర రకం ఎమ్. ఇవి కలిసే తీరును బట్టి 5 ఐసోఎంజైములు (ఒకే పని చేసే వేర్వేరు రూపాలు). ప్రతి సబ్‌యూనిట్‌లో ఒక గాడి ఉంటుంది. అందులో ముందు ఎన్‌ఏడీహెచ్ (పైరువేట్‌కు హైడ్రైడ్, అంటే రెండు ఎలక్ట్రాన్లున్న హైడ్రోజన్, ఇచ్చే అణువు) కూర్చుంటుంది, తర్వాత పైరువేట్ వస్తుంది, పైన ఒక లూప్ మూతలా పడుతుంది. ఆ గాడిలోని అమైనో ఆమ్లాల్లో ఆర్జినైన్ పైరువేట్‌ను పట్టి ఉంచితే హిస్టిడిన్ ప్రోటాన్ ఇస్తుంది. హైడ్రైడ్ పోగొట్టుకున్న ఎన్‌ఏడీహెచ్ 340 నానోమీటర్ల కాంతిని ఇక పీల్చలేదు. మెషీన్ కొలిచేది ఆ తగ్గుదలనే. పైరువేట్ మరీ ఎక్కువైతే హెచ్ రకం అణిగిపోతుంది, కాబట్టి చిక్కగా ఉంటే మంచిదని నిష్పత్తి మార్చకండి.

మొదటి సీసా 4 వంతులు, రెండోది 1 వంతు. ఈ వర్కింగ్ రీఏజెంట్ 1 మిల్లీలీటరుకు సీరమ్ 20 మైక్రోలీటర్లు, 37 డిగ్రీలు, ఒక నిమిషం ఆగి మూడు నిమిషాల రీడింగ్. ఫ్యాక్టర్ (నిమిషానికి వచ్చే తగ్గుదలను ఎంజైము విలువగా మార్చే గుణకం) 8199. అదే 10 మైక్రోలీటర్లు వేస్తే 16238 అవుతుంది; పాత కిట్ ఫ్యాక్టర్ మెషీన్‌లో ఉండిపోతే రిజల్టు సగమో రెట్టింపో వస్తుంది. రియాక్షన్ దిశ ‘డిక్రీజింగ్’ అని పెట్టారో లేదో కూడా చూడండి. నీళ్లతో జీరో చేసి రీఏజెంట్ చదివితే అబ్సార్బెన్స్ (కాంతిని పీల్చే కొలత) 1.0 కన్నా తక్కువ వచ్చిందా, పారబోయడమే.

శాంపిల్ సంగతి. ఎర్రకణాల్లో ఈ ఎంజైము సీరమ్‌లో కన్నా నూరు రెట్ల పైనే ఉంటుంది. సన్న సూదితో గట్టిగా లాగినా, ట్యూబు కుదిపినా, సీరమ్ వేరుచేయడం ఆలస్యమైనా విలువ పెరుగుతుంది. సీరమ్ గులాబీ రంగులో కనిపిస్తే మళ్లీ రక్తం తీయాల్సిందే, లెక్కలతో సరిదిద్దలేం. ఆక్సలేట్ ట్యూబు వద్దు, అది ఎంజైమును అడ్డుకుంటుంది. అన్నిటికన్నా మాయదారి అలవాటు ఫ్రిజ్. లివర్ రకమైన ఎల్‌డీహెచ్-5 చలికి చచ్చిపోతుంది, కాబట్టి ఈ పరీక్ష శాంపిల్ గది ఉష్ణోగ్రతలోనే ఉండాలి.

విలువ విపరీతంగా ఎక్కువున్న శాంపిల్‌లో ఎన్‌ఏడీహెచ్ మొదటి నిమిషంలోనే అయిపోయి రిజల్టు తక్కువగా కనిపిస్తుంది. మొదటి రీడింగే బాగా పడిపోయి ఉంటే సెలైన్‌తో పదింతలు పలచన చేసి, వచ్చినదాన్ని 10తో గుణించండి.

ఇంకో చిక్కు: లాక్టేట్ నుంచి పైరువేట్ పద్ధతితో పోలిస్తే ఇందులో విలువలు సుమారు రెట్టింపు. నార్మల్ రేంజ్ ఈ పద్ధతిదే ప్రింట్ చేయాలి. ఊపిరితిత్తుల చుట్టూ చేరిన నీటిలోని ఎల్‌డీహెచ్, సీరమ్‌లోని దానికి 0.6 రెట్లు దాటిందా అని డాక్టర్లు చూస్తారు. ఒకటి మీ దగ్గర, ఇంకొకటి వేరే పద్ధతి వాడే ల్యాబులో చేస్తే ఆ నిష్పత్తికి అర్థమే ఉండదు.

నెలకు పదీ ఇరవై పరీక్షలే ఉంటే పెద్ద ప్యాక్ జోలికి పోవద్దు. మూత తీశాక ముందు పాడయ్యేది ఎన్‌ఏడీహెచ్ సీసాయే.