కారు లోపలి ప్లాస్టిక్‌కి గ్లాసీ బ్లాక్: స్ప్రే క్యానా, షెడ్డులో టూకేనా, వినైల్ ర్యాపా, ఏది మేలు?

డోర్ మీద పవర్ విండో స్విచ్‌లుండే ప్యానెల్, గేర్ చుట్టూ ఫ్రేము, ఏసీ వెంట్ల రింగులు, ఇవన్నీ గీతలు పడి వెలిసిపోయాక పియానో బ్లాక్, అంటే అద్దంలా మెరిసే నలుపు, చేసేద్దామని చాలామందికి అనిపిస్తది. తీరా అడగడం మొదలుపెడితే ఒకళ్లు స్ప్రే క్యాన్ చాలంటారు, ఇంకొకళ్లు పెయింటింగ్ షెడ్డులో హార్డెనర్ కలిపిన టూకే కొట్టకపోతే డబ్బు దండగ అంటారు, మూడో ఆయన ర్యాప్, అదే అతికించే వినైల్ ఫిల్మ్, వేసేయ్ సాయంత్రానికి అయిపోద్ది అంటాడు. ముగ్గురూ పైన వేసేదాని గురించే మాట్లాడతారు, నన్నడిగితే మెరుపులో ముప్పావు వంతు కింద రుద్దిన శాండ్‌పేపర్‌దే.

అందుకే ముందు రుద్దుడు సంగతి. పార్ట్ ఊడదీసి వెనక్కి తిప్పితే చిన్న అక్షరాల్లో ప్లాస్టిక్ రకం ఏబీఎస్ అనో పీపీ అనో అచ్చు ఉంటది. ఏబీఎస్ అయితే హాయిగా రుద్దుకోవచ్చు. పీపీ అయితే రుద్దేకొద్దీ నూగు లేస్తది, రంగు కూడా సరిగ్గా పట్టదు, కొన్నాళ్లకి పొరలు పొరలుగా ఊడొస్తది, కాబట్టి రంగు పట్టుకునేలా చేసే అడ్హిషన్ ప్రమోటర్ ఒక పల్చటి కోటు పడాల్సిందే. ఏదైనా సరే పేపర్ పట్టుకునే ముందే గిన్నెల సబ్బుతో కడిగి ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్)తో తుడవండి, ఏళ్లుగా పూసిన డాష్‌బోర్డ్ పాలిష్‌లో సిలికాన్ ఉంటది, కడక్కుండా రుద్దితే అది గీతల్లోకి దిగిపోయి తర్వాత రంగు అక్కడక్కడా విడిపోయి గుంటలు పడతది, పెయింటర్లు ఫిష్ ఐ అనేది దీన్నే.

240 నంబర్ పేపర్‌తో గరుకు పడగొట్టి, అంతకంటే సన్నని 320తో సాపు చేశాక గుంటలు నింపే ఫిల్లర్ ప్రైమర్, అదే షెడ్డు వాళ్ల సర్ఫేసర్, రెండు మూడు కోట్లు. అది బాగా ఆరాక దూరం నుంచి నల్ల స్ప్రే కొంచెం పొగలాగా చల్లి 600 వాటర్ పేపర్‌కి రెండు చుక్కలు సబ్బునీళ్లు తగిలించి రుద్దండి. ఎత్తుగా ఉన్నచోట నలుపు వెంటనే పోతది, గుంటల్లో మాత్రం ఆవాల్లాగా చుక్కలు మిగులుతయ్. ఆ చుక్కలున్నాయంటే పాత టెక్స్చర్ ఇంకా ఉన్నట్టే, ఇంకో కోటు సర్ఫేసర్ కొట్టి మళ్లీ రుద్దాలి. చేత్తో తడిమి నున్నగానే ఉంది కదా అనుకోవద్దు, గ్రే ప్రైమర్ దాచిన ప్రతి లోపాన్నీ గ్లాస్ బ్లాక్ బయటపెడతది. చివర్న 800. చిరాకు పనే, కాదన్ను.

ఇప్పుడు పైన ఏం కొట్టాలి అనేది. మామూలు స్ప్రే క్యాన్ వన్‌కే, అంటే థిన్నర్ ఆవిరైపోయి ఆరేదే తప్ప లోపల గట్టిపడే రియాక్షన్ ఏమీ ఉండదు, అందుకే హ్యాండ్ శానిటైజర్, సన్‌స్క్రీన్ తగిలితే మచ్చ పడే ఛాన్స్ ఉంది, గోరు గీత కూడా తొందరగా పడతది. చవక, మేడ మీద కొట్టుకోవచ్చు, నచ్చకపోతే రుద్ది మళ్లీ కొట్టుకోవచ్చు. వాతావరణం చూసుకోండి, మే నెల మధ్యాహ్నం విజయవాడ ఎండలో కొడితే తుంపర పార్ట్ మీద పడేలోపే ఆరిపోయి గరుకు వస్తది, వైజాగ్ వానాకాలం ఉబ్బరలో కొడితే తెల్లటి మసక కమ్మేస్తది. 20-25 సెంటీమీటర్ల దూరం, పల్చటి కోట్లు, కోటుకీ కోటుకీ 10-15 నిమిషాలు.

టూకే అంటే హార్డెనర్ కలిపే క్లియర్, అంటే నలుపు మీద కొట్టే రంగులేని మెరుపు కోటు. ఇది కెమికల్‌గా గట్టిపడతది, కాబట్టి లోతు, మెరుపు, గట్టిదనం మూడింట్లోనూ వన్‌కే దీని ముందు నిలవదు, మర్నాటికల్లా 2000, 3000 పేపర్ పట్టి కాంపౌండ్‌తో పాలిష్ కొట్టొచ్చు, వన్‌కేకి అయితే వారం ఆగాలి. కానీ హార్డెనర్‌లో ఐసోసైనేట్ ఉంటది, ఊపిరితిత్తులకి మంచిది కాదు, గుడ్డ మాస్కు కట్టుకుని ఇంట్లో కొట్టే సరుకు కాదిది. అడుగున పిన్ను నొక్కి హార్డెనర్ కలుపుకునే టూకే క్యాన్లకీ ఇదే ప్రమాదం, పైగా ఒకసారి నొక్కితే ఒకట్రెండు రోజుల్లో డబ్బా మొత్తం వాడేయాలి.

ర్యాప్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు, పలకలా సాపుగా ఉన్న ముక్కలకి బాగుంటది, ఊడదీసుకోవచ్చు. గరుకు మీద అతికిస్తే ఆ గరుకంతా పైకి కనిపిస్తది, మరి రుద్దుడు ఎక్కడ తప్పింది? లోతైన మలుపుల్లో సాగదీసి అతికించిన ఫిల్మ్ ఎండకి అంచుల దగ్గర లేస్తది కూడా.

నా ఓటు మాత్రం పని పంచుకోవడానికే. సర్ఫేసర్ దాకా ఇంట్లో మీరే తీరిగ్గా రుద్దుకుని, బేస్ (నల్ల రంగు కోటు), క్లియర్ మాత్రం డెంటింగ్ పెయింటింగ్ షెడ్డులో వేరే కారుకి టూకే కలిపిన రోజు కొట్టించుకోండి, చిన్న ముక్కలకి కప్పు క్లియర్ కూడా పట్టదు. రోజూ చెయ్యి తగిలే డోర్ ప్యానెల్, గేర్ ఫ్రేములకి ఇదే మేలు. ఎవరూ ముట్టుకోని వెంట్ రింగులకి వన్‌కే క్యాన్ చాలు. డాష్‌బోర్డ్ పైభాగం గ్లాస్ చేయొద్దు, ముందు అద్దంలో ప్రతిబింబం పడి రోడ్డు కనపడదు. ఎయిర్‌బ్యాగ్ మూతల జోలికి అసలు పోవద్దు.

షెడ్డుకి ఇచ్చే ముందు స్విచ్‌లు దూరే కన్నాల లోపలి అంచులకి మాస్కింగ్ టేప్ మీరే వేసివ్వండి, అక్కడ నాలుగు పొరలు పేరుకుంటే విండో స్విచ్ నొక్కింది నొక్కినట్టే ఇరుక్కుంటది.