బుడాపెస్ట్‌లో ఒక గణిత సెమిస్టరు, దాని క్రెడిట్లు: ఏడేళ్ల తర్వాత నా సమీక్ష

నేను అమెరికా మధ్యపశ్చిమ ప్రాంతంలోని ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో గణితం డిగ్రీ మూడో సంవత్సరంలో ఉండగా, 2018లో ఆగస్టు చివరి నుంచి డిసెంబరు వరకు హంగరీ రాజధాని బుడాపెస్ట్‌లో చదివాను. వెళ్ళింది మా విశ్వవిద్యాలయం సొంతంగా కుదుర్చుకున్న మార్పిడి ఒప్పందం మీద కాదు. బుడాపెస్ట్ సెమిస్టర్స్ ఇన్ మ్యాథమేటిక్స్ అనే బయటి ప్రోగ్రాంలో నేనే దరఖాస్తు చేసుకుని, నేనే ఫీజు కట్టి, తిరిగి వచ్చాక ఆ క్రెడిట్లను, అంటే చదివిన కోర్సులకు డిగ్రీలో లెక్కకు వచ్చే యూనిట్లను, మా విశ్వవిద్యాలయానికి బదిలీ చేయించుకున్నాను. వచ్చిన నెలలోనే ఈ సమీక్ష రాసి ఉంటే అందులో పాఠాలు, డాన్యూబ్ నది, కొత్త స్నేహాలు మాత్రమే ఉండేవి. క్రెడిట్ల సంగతి పూర్తిగా తేలడానికి నెలల తరబడి పట్టింది, అక్కడి ట్రాన్స్‌క్రిప్ట్ (కోర్సులు, గ్రేడ్ల అధికారిక పత్రం) అవసరం ఆ తర్వాత కూడా పడింది. అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

ముందు చదువు గురించి చెప్పాలి, ఎందుకంటే అది బాగా లేకపోతే మిగిలిన తిప్పలన్నీ వృథా. 1985లో మొదలైన ఈ ప్రోగ్రాం అమెరికా, కెనడా విద్యార్థులకు ఇంగ్లీషులో పాఠాలు చెబుతుంది. ప్రసిద్ధ గణిత శాస్త్రవేత్త పాల్ ఎర్డోష్ పుట్టిన నగరం అది. సమస్యను విద్యార్థి చేతిలో పెట్టి, జవాబు చెప్పకుండా ఓపికగా ఎదురుచూడడం అక్కడి గణిత బోధన పద్ధతి. నేను చదివేటప్పుడు తరగతులు కెలెటి రైల్వే స్టేషన్‌కు నడిచి వెళ్ళేంత దూరంలో, బెత్లెన్ గాబోర్ కూడలిలోని పాత భవనంలో జరిగేవి.

తొలి వారంలో ఇచ్చిన ఒక ప్రశ్న నాకు ఇప్పటికీ గుర్తుంది. 1 నుంచి 100 వరకు ఉన్న సంఖ్యల్లో ఏవైనా 51 ఎంచుకుంటే, వాటిలో ఏదో ఒకటి మరొకదాన్ని నిశ్శేషంగా భాగించి తీరుతుందని నిరూపించాలి. ఇంటర్‌లో హైదరాబాదు కోచింగ్ కాలేజీలో ఎన్ని వేల లెక్కలు చేశానో చెప్పలేను, కానీ ఈ ప్రశ్న ముందు రెండు సాయంత్రాలు ఖాళీ కాగితంతో కూర్చున్నాను. ప్రతి సంఖ్యనూ బేసి సంఖ్య మిగిలేదాకా రెండుతో భాగిస్తూ పోతే, మిగలగలిగే బేసి సంఖ్యలు 50 మాత్రమే కాబట్టి, 51 సంఖ్యల్లో కనీసం రెండింటికి ఒకే బేసి సంఖ్య మిగలాలి, అప్పుడు వాటిలో చిన్నది పెద్దదాన్ని భాగిస్తుంది. ఇది మూడో రోజు పొద్దున ట్రామ్‌లో తట్టింది. లెక్క చేయడానికీ గణితం ఆలోచించడానికీ ఉన్న తేడా నాకు ఆ ట్రామ్‌లో తెలిసింది. చదువు విషయంలో ఈ ప్రోగ్రాం మీద నాకు ఒక్క ఫిర్యాదు కూడా లేదు.

ఇక క్రెడిట్లు. వెళ్ళే ముందు నేను చేసిన పెద్ద పొరపాటు, క్రెడిట్లు ఇచ్చేది ప్రోగ్రాం అని అనుకోవడం. ప్రోగ్రాం ఇచ్చేది ట్రాన్స్‌క్రిప్ట్ మాత్రమే. అందులోని కోర్సు మన డిగ్రీలో దేనితో సమానమో, ఎన్ని క్రెడిట్లు చేస్తుందో, ప్రధాన విషయంలోకి వస్తుందో లేక ఊరికే ఎలెక్టివ్‌గా (ఐచ్ఛిక కోర్సుగా) మిగులుతుందో నిర్ణయించేది మన విశ్వవిద్యాలయంలోని విభాగం. మా దగ్గర ప్రయాణానికి ముందే ఒక ముందస్తు ఆమోద పత్రం నింపాలి. అందులో నేను తీసుకోబోయే నాలుగు కోర్సులు రాసి, అడ్వైజర్ సంతకం తీసుకుని, పని అయిపోయిందని నిశ్చింతగా ఉన్నాను. ఆ పత్రంలో కాంబినటోరిక్స్, నంబర్ థియరీలకు ఎదురుగా మా కోర్సు నంబర్లు స్పష్టంగా ఉన్నాయి. మిగిలిన రెండింటికి ఎదురుగా "తిరిగి వచ్చాక పరిశీలిస్తాం" అని ఉంది. ఆ మాటను నేను లాంఛనమనుకున్నాను, అది లాంఛనం కాదు.

వాటిలో ఒకటి కంజెక్చర్ అండ్ ప్రూఫ్ (ఊహ, నిరూపణ), ఈ ప్రోగ్రాంలో అందరూ చెప్పుకునే కోర్సు. పేరు వినగానే రెండో సంవత్సరం పిల్లలకు నిరూపణలు రాయడం నేర్పే ప్రాథమిక కోర్సు అనిపిస్తుంది. అలాంటి కోర్సు మా విశ్వవిద్యాలయంలోనూ ఉంది, అది నేను అప్పటికే పూర్తి చేశాను. దాంతో క్రెడిట్లు పరిశీలించిన వారు రెండూ ఒకటేనని తేల్చి, ఒకే కోర్సుకు రెండుసార్లు క్రెడిట్ ఇవ్వలేమని రాశారు. సెమిస్టరంతా నేను అన్నిటికన్నా ఎక్కువ కష్టపడిన కోర్సుకు సున్నా వచ్చింది. ఆ ఈమెయిల్ చదివిన రోజు నాకు అన్నం సహించలేదు.

నన్ను కాపాడినవి పారేయకుండా సంచిలో తెచ్చుకున్న హోంవర్క్ కాగితాలు. సిలబస్, వారం వారం ఇచ్చిన ప్రశ్నల పత్రాలు, నా సమాధానాలు, వాటి మీద ఎర్ర సిరాతో వేసిన దిద్దుబాట్లు, అన్నీ వరుసగా క్లిప్పు పెట్టి విభాగంలో డిగ్రీ వ్యవహారాలు చూసే ప్రొఫెసర్ దగ్గరికి తీసుకువెళ్ళాను. ఆయన కాగితాలు ఒక్కొక్కటే తిప్పుతూ, అనంత సమితుల దగ్గర ఆగి, ఒక సమాధానం మొత్తం చదివి, ఇది రెండో సంవత్సరం కోర్సు కాదని తనే అన్నారు. పై స్థాయి గణిత ఎలెక్టివ్‌గా మూడు క్రెడిట్లు వచ్చాయి. ఇదంతా జరిగేసరికి ఏప్రిల్ వచ్చింది.

రెండోది అనాలిసిస్ కోర్సు. దాని విషయంలో పేచీ గంటల దగ్గర వచ్చింది. అమెరికాలో మూడు క్రెడిట్ల కోర్సు అంటే సాధారణంగా వారానికి 150 నిమిషాల చొప్పున 15 వారాలు, అంటే 37.5 గంటల పాఠం. అక్కడి సెమిస్టరు వారాల్లో కాస్త చిన్నది కాబట్టి క్రెడిట్లు తగ్గించాలని మొదట అన్నారు. వారాలు కాదు, గంటలు లెక్కించండని అడిగి, నా టైమ్‌టేబుల్ పక్కన పెట్టి కూడి చూపిస్తే ఒప్పుకున్నారు. అందరూ అంత సులువుగా ఒప్పుకుంటారని చెప్పలేను.

వెళ్ళాలనుకునే వారికి నేను చెప్పేది, తీసుకోవాలనుకున్న కోర్సుల కంటే రెండు మూడు ఎక్కువే ముందుగా ఆమోదింపజేసుకోండి. అక్కడికి వెళ్ళాక ఏదైనా కోర్సుకు తగినంత మంది చేరకపోతే అది ఆ సెమిస్టరు ఉండదు, అప్పుడు ఆమోదం లేని కోర్సులో చేరి నాలాగా ఏప్రిల్ దాకా తిరగాల్సి వస్తుంది.

పేరు దగ్గర ఇంకో చిక్కు వచ్చింది, తెలుగు వారికి ఇది తప్పకుండా చెప్పాలి. హంగరీ వాళ్ళు కూడా మనలాగే ఇంటిపేరు ముందు రాస్తారు. అద్దె ఇంటి తలుపు మీద నా పేరు ఇంటిపేరుతో మొదలై, మా ఊరి పట్టాదారు పాసుపుస్తకంలో ఉన్నట్టే కనిపించినప్పుడు పరాయి దేశంలో నాకు చెప్పలేనంత ఆనందం కలిగింది. కానీ నా పాస్‌పోర్టులో ఒక వరుస, నేను నింపిన ఒక ఫారంలో మరో వరుస ఉండడంతో, సీలు వేసిన ట్రాన్స్‌క్రిప్ట్ మా రిజిస్ట్రార్ కార్యాలయానికి చేరాక నా రికార్డుతో జత కాకుండా ఆరు వారాలు ఎక్కడో పడి ఉంది. తప్పు ఫారం నింపిన నాదే. పాస్‌పోర్టులో ఉన్న వరుసనే ప్రతి ఫారంలోనూ అక్షరం పొల్లు పోకుండా రాయండి.

భారతీయ పాస్‌పోర్టుతో వెళ్ళే వారికి వీసా పని వేరు. అమెరికా పాస్‌పోర్టు ఉన్న నా సహాధ్యాయులు వీసా లేకుండానే విమానం దిగారు. హంగరీ 2007 నుంచి షెంజెన్ ప్రాంతంలో, అంటే ఉమ్మడి వీసా నియమాలున్న యూరప్ దేశాల కూటమిలో ఉంది, అక్కడ స్వల్పకాలిక బసకు పరిమితి 180 రోజుల్లో 90 రోజులు, సెమిస్టరు దానికంటే ఎక్కువ. కాబట్టి నేను అమెరికాలోని హంగరీ కాన్సులేట్‌లో ప్రవేశ పత్రం, అద్దె ఒప్పందం, బ్యాంకు స్టేట్‌మెంటు, బీమా కాగితాలు పెట్టి దీర్ఘకాలిక వీసా తీసుకుని, అక్కడికి వెళ్ళాక నివాస అనుమతి కార్డు తీసుకోవాల్సి వచ్చింది. ఎఫ్-1 (అమెరికా విద్యార్థి వీసా) మీద ఉన్నవారు మరో వైపు కూడా చూసుకోవాలి. ఐదు నెలలకు మించి అమెరికా బయట ఉంటే హోదాకు ముప్పు వస్తుంది కాబట్టి, ఆ సెమిస్టరులో కూడా మన విశ్వవిద్యాలయంలో విదేశీ అధ్యయనం కింద పూర్తికాల విద్యార్థిగా నమోదై ఉన్నామని అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయంతో ముందే ఖాయం చేసుకోవాలి. ఐ-20 (విద్యార్థి హోదాకు విశ్వవిద్యాలయం ఇచ్చే పత్రం) మీద ప్రయాణ సంతకం, పాస్‌పోర్టులో గడువు ఉన్న ఎఫ్-1 వీసా లేకుండా బయలుదేరవద్దు.

డబ్బు విషయంలో నాకు లాభమే జరిగింది. ఇతర రాష్ట్రాల వారికి వేసే పూర్తి ఫీజు కడుతున్న నాకు ఆ సెమిస్టరు ఫీజు, అద్దె, విమానం కలిపినా మా క్యాంపస్ ఖర్చు కంటే తక్కువయింది. అయితే విశ్వవిద్యాలయం ఇచ్చే ఫీజు మినహాయింపు ఉన్నవారికి ఈ లెక్క తలకిందులవుతుంది, అది బయటి ప్రోగ్రాంకు సాధారణంగా వర్తించదు. నన్ను బాధపెట్టింది విద్యా రుణం. మంజూరు పత్రంలో విశ్వవిద్యాలయం పేరు ఉంది, ఫీజు కట్టాల్సింది వేరే సంస్థకు. బ్యాంకు ఒప్పుకోలేదు. ఖమ్మంలో నాన్న చెప్పులరిగేలా ఆ శాఖ చుట్టూ తిరిగి, ఈ చదువు మా డిగ్రీలో భాగమేనని విశ్వవిద్యాలయం రాసిచ్చిన ఉత్తరం మూడోసారి ఇచ్చాక గానీ డబ్బు విడుదల కాలేదు. ఆ ఉత్తరం మొదటి రోజే అడిగి ఉంచుకుంటే నాన్నకు ఆ తిరుగుడు తప్పేది.

అమెరికాలో పుట్టి పెరిగిన మన పిల్లల సంగతి కొంత వేరు. వారికి ఫెడరల్ (అమెరికా కేంద్ర ప్రభుత్వ) ఆర్థిక సాయం ఉంటే, విశ్వవిద్యాలయానికీ బయటి ప్రోగ్రాంకూ మధ్య కన్సార్షియం (ఉమ్మడి ఏర్పాటు) లేదా కాంట్రాక్టు ఒప్పందం ఉంటేనే ఆ సాయం ఆ సెమిస్టరుకు వస్తుంది. తక్కువ ఆదాయ కుటుంబాల విద్యార్థులకు ఇచ్చే పెల్ గ్రాంట్ అందుకునే అమెరికా పౌరులు, విదేశాల్లో చదవడానికి ఇచ్చే గిల్మన్ స్కాలర్‌షిప్‌కు దరఖాస్తు చేసుకోవచ్చు. హైదరాబాదులో చదివే మా పిన్ని కూతురు "అక్కా, నేను కూడా ఇలా వెళ్ళవచ్చా?" అని అడిగింది. మన దేశంలో యూజీసీ 2022 నిబంధనల ప్రకారం ట్విన్నింగ్ కోర్సుల్లో (డిగ్రీలో కొంత భాగం విదేశీ సంస్థలో చదివేవి) ఆ విదేశీ సంస్థ నుంచి 30 శాతం దాకా క్రెడిట్లు తెచ్చుకోవచ్చు, కానీ దానికి రెండు సంస్థల మధ్య ఒప్పందం ఉండాలి, నాలాగా విద్యార్థి సొంతంగా వెళ్ళి తెచ్చుకునే పద్ధతి అది కాదని చెప్పాను.

చివరిగా గ్రేడ్లు. బదిలీ అయిన కోర్సులు మా ట్రాన్స్‌క్రిప్ట్‌లో గ్రేడు లేకుండా, 12 బదిలీ క్రెడిట్లుగా మాత్రమే కనిపిస్తాయి, జీపీఏలో (సగటు గ్రేడులో) కలవవు. భయపడుతూ చదివే వారికి ఇది ఊరట కావచ్చు, నాకు మాత్రం నష్టమే, నా మంచి గ్రేడ్లన్నీ ఆ నాలుగు కోర్సుల్లో ఉన్నాయి. 2020 చివర పీహెచ్‌డీకి దరఖాస్తు చేసినప్పుడు ప్రతి చోటికీ రెండు ట్రాన్స్‌క్రిప్టులు పంపించి, రెంటికీ విడివిడిగా రుసుము కట్టాను. ఇంటర్వ్యూలో నన్ను అడిగిన గణితం ప్రశ్నలు మాత్రం దాదాపు అన్నీ బుడాపెస్ట్ కోర్సుల గురించే.

నా కాగితాలు మా విభాగం వాళ్ళు ఒక ఫైలుగా ఉంచుకున్నారు. మరుసటి ఏడాది మా దగ్గరి నుంచి వెళ్ళిన అమ్మాయికి కంజెక్చర్ అండ్ ప్రూఫ్ కోర్సు ఆమోదం ప్రయాణానికి ముందే, ఒకే సంతకంతో వచ్చింది.