బర్రిస్ సిగ్నేచర్ జీ రింగులు: స్కోపు జారకూడదనుకునే వాళ్ల కోసం

రైఫిల్ జీరో (స్కోపులో గురి పెట్టిన చోటే తూటా తగిలేలా చేసిన సర్దుబాటు) మాటిమాటికీ మారిపోతుంటే ముందు స్కోపు మీద అనుమానపడతాం, ఆ తర్వాత తూటాల మీద, అదీ కాకపోతే మన చెయ్యి సరిగ్గా లేదేమో అనుకుంటాం. స్కోపును రైఫిల్ మీద పట్టి ఉంచే రింగుల వైపు చూసేది అన్నిటికంటే చివర. కానీ నేను చూసినంత వరకు స్కోపు నిజంగా పాడై జీరో తప్పిన సందర్భాల కంటే, స్కోపు ట్యూబు రింగులో వెంట్రుకవాసి జారడం వల్లో, రింగు బేసు (రింగుల కింద రైఫిల్‌కి బిగించే పట్టీ) మీద కదలడం వల్లో తప్పినవే ఎక్కువ. అందుకే ఈ రివ్యూలో రింగుల గురించే కాస్త ఎక్కువగా రాస్తున్నాను. కొంతకాలంగా బర్రిస్ సిగ్నేచర్ జీ రింగులు వాడుతున్నాను, నాకు బాగా నచ్చాయి, ఎందుకు నచ్చాయో చెబుతాను.

మామూలు రింగు అంటే లోపల గుండ్రంగా తొలిచిన రెండు లోహపు ముక్కలు, కింద ఒకటి పైన ఒకటి. ముందు రింగు, వెనక రింగు రెండూ ఒకే గీత మీద ఉంటే ఏ గొడవా లేదు. కానీ రిసీవరు (బోల్టు ఉండే రైఫిల్ నడిమి భాగం) మీద రంధ్రాలు కొంచెం అటూ ఇటూ పడినా, రెండు ముక్కల బేసు కొంచెం ఎత్తుపల్లాలుగా ఉన్నా, రింగులు ఒకదానికొకటి ఏటవాలుగా నిలుస్తాయి. అప్పుడు ట్యూబును రింగు మొత్తం పట్టుకోదు, అంచులు మాత్రమే కరుస్తాయి. దీనివల్ల రెండు నష్టాలు: ఒకటి, ఆ అంచుల దగ్గర ట్యూబు మీద గీతలు, నొక్కులు పడతాయి. రెండోది, ఆనుకునే చోటు తక్కువ కాబట్టి పట్టు కూడా తక్కువే, రీకాయిల్‌కి (కాల్చినప్పుడు వచ్చే వెనక్కి తన్నుకి) స్కోపు కొంచెం కొంచెంగా జరిగిపోతుంది. జరుగుతోంది కదా అని ఇంకా బిగిస్తే నొక్కు ఇంకా లోతుగా పడుతుంది తప్ప పట్టు రాదు.

సిగ్నేచర్ రింగుల్లో లోహం స్కోపుకి తగలదు. ఒక్కో రింగులో పాలిమర్ ఇన్సర్టు ఉంటుంది, అదీ రెండు సగాలుగా. ఇన్సర్టు బయటివైపు బంతిలా ఉబ్బి ఉంటుంది, రింగు లోపల దానికి సరిపోయే గుంట. లోపలివైపు మాత్రం ట్యూబుకి తగ్గట్టు తిన్నగా ఉంటుంది. రింగులు కాస్త వంకరగా ఉన్నా ఇన్సర్టు దాని గుంటలో తిరిగి ట్యూబుకి తగ్గట్టు సర్దుకుంటుంది. స్కోపు పెట్టి, మూతలు బిగించకుండా వేలితో మెల్లగా అటూ ఇటూ ఊపితే ఇన్సర్టులు తిరగడం చేతికి తెలుస్తుంది, ఒక చోట ఆగి ట్యూబు నిండుగా ఆనుతుంది. అందుకే వీటికి ల్యాపింగ్, అంటే రింగు లోపలిభాగాన్ని పేస్టుతో రుద్ది సరిచేయడం, అక్కర్లేదు. ఆ పేస్టు, ఆ ఇనుప కడ్డీ, గంటల తరబడి రుద్దడం, ఇదంతా మామూలు లోహపు రింగుల తలనొప్పి. దయచేసి ఇన్సర్టుల మీద ఆ పేస్టు పెట్టకండి.

పట్టు సంగతి నేను నమ్మింది ఎలాగంటే, ట్యూబు మీద రింగు అంచుకి సరిగ్గా ఆనించి సన్నగా మాస్కింగ్ టేపు ముక్క అంటించాను. స్కోపు జారితే టేపుకీ రింగుకీ మధ్య సందు కనబడుతుంది, లేదా టేపు అంచు ముడత పడుతుంది. ఎంత కాల్చినా ఆ టేపు అంటించినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది. స్కోపు విప్పినప్పుడు ట్యూబు మీద ఒక్క గీత లేదు, ఇన్సర్టు ఆనిన చోట మసక మచ్చలాంటిది ఉంది, గుడ్డతో తుడిస్తే పోయింది. ఇదివరకు వేరే కంపెనీ రింగులు (పేరు అనవసరం) విప్పినప్పుడు ట్యూబు చుట్టూ మెరుస్తూ గాట్లు కనిపించేవి, వాటితో పోలిస్తే ఇది నాకు ఎంతో ఊరట.

ఇంకో లాభం, ఆఫ్‌సెట్ ఇన్సర్టులు. ఇవి వేరే సెట్టుగా దొరుకుతాయి, మీద 5, 10, 20 అని ప్లస్ మైనస్ గుర్తులతో ఉంటాయి, అంగుళంలో వెయ్యో వంతుల లెక్క అది. స్కోపు ఎలివేషన్ (పైకీ కిందికీ సర్దుబాటు) అంతా అయిపోతున్నా, పక్కకి తిప్పీ తిప్పీ విండేజ్ (పక్కల సర్దుబాటు) చివరికొచ్చేసినా ఇవే దిక్కు. రింగుల మధ్య నాలుగు అంగుళాల దూరం ఉండి, ఒక రింగు దగ్గర స్కోపును 10 వెయ్యో వంతులు జరిపితే 100 మీటర్ల దగ్గర దెబ్బ దాదాపు 25 సెంటీమీటర్లు మారుతుంది. స్కోపు లోపలి సర్దుబాటును నడిమధ్యన ఉంచుకుని, తేడా అంతా రింగుల దగ్గరే తీసేయొచ్చు. ఒకే రింగులో కింద ప్లస్ పెడితే పైన అదే అంకె మైనస్ పెట్టాలి, కలిపి పెట్టేటప్పుడు తొందరపడకండి.

ఇక ఎలా బిగించాలి అన్నది. ఎంత మంచి రింగయినా బిగించే పద్ధతి తప్పితే దండగే. మొదట రైఫిల్ ఖాళీగా ఉందని చూసుకుని, బోల్టు తీసి పక్కన పెట్టండి. ట్యూబు మీద, ఇన్సర్టు లోపల నూనె చుక్క కూడా ఉండకూడదు, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి ఆరనివ్వండి. రింగులు కొత్తవైనా సరే తుడవండి, తయారీలో పూసిన నూనె ఎంతో కొంత ఉంటుంది.

బేసు మీద రింగు పెట్టినప్పుడు దాన్ని ముందుకి, అంటే బ్యారెల్ వైపుకి తోసి, ఆ పట్టు వదలకుండా కింది స్క్రూ బిగించాలి. కాల్చినప్పుడు రైఫిల్ వెనక్కి వస్తుంది, స్కోపు బరువు ఉన్నచోటే ఉండిపోవాలని చూస్తుంది, రైఫిల్ లెక్కన చూస్తే స్కోపు ముందుకి జరగబోయినట్టు. రింగు ముందే గాడి ముందు గోడకి ఆనుకుని ఉంటే ఇక జరగడానికి చోటే ఉండదు. జీ రింగుల విషయంలో ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే ఇవి వీవర్ బేసుల కోసం చేసినవి. వీవర్, పికటిన్నీ అనేవి అడ్డంగా గాడులున్న రెండు రకాల బేసులు; వీవర్ గాడి వెడల్పు 0.180 అంగుళం, పికటిన్నీది 0.206. పికటిన్నీ మీద కూడా కూర్చుంటాయి కానీ గాడిలో కొంచెం ఆట ఉంటుంది, ఆ ఆట అంతా వెనక వైపు వదిలేయాలి. స్ప్రింగ్ ఎయిర్ రైఫిల్ కథ వేరు, అది వెనక్కి కదిలి వెంటనే ముందుకి కుదుపు ఇస్తుంది, అందుకే దాని మీద స్కోపు వెనక్కి జారుతూ ఉంటుంది, దానికి స్టాప్ పిన్ (రింగు వెనక్కి జరగకుండా ఆపే మేకు) కావాల్సిందే. పైగా ఎయిర్ రైఫిళ్ల మీద ఉండే 11 మిల్లీమీటర్ల డవ్‌టైల్ పట్టాల మీద ఈ జీ రింగులు నేరుగా కూర్చోవు.

పై మూతల స్క్రూలు ఒకటి పూర్తిగా బిగించి రెండోదానికి వెళ్లకండి. కొంచెం ఇటు, కొంచెం అటు, ఎదురెదురు మూలలు మార్చుకుంటూ, రెండు వైపులా సందు సమానంగా ఉండేలా చూసుకుంటూ రావాలి. చివరి బిగింపు టార్క్ రెంచ్‌తోనే. నేను వీలర్ ఫ్యాట్ రెంచ్ వాడతాను, 10 నుంచి 65 ఇంచ్ పౌండ్ల దాకా పెట్టుకోవచ్చు, పెట్టిన అంకె రాగానే క్లచ్ జారి ఇక బిగియదు. చేతి అంచనాని నమ్మొద్దు అని గట్టిగా చెబుతాను, ఎందుకంటే పొట్టి ఎలెన్ కీతో కూడా తెలియకుండానే హద్దు దాటేస్తాం. రింగుల కంపెనీ ఒక అంకె, స్కోపు కంపెనీ ఇంకో అంకె చెబితే తక్కువదే తీసుకోండి. పై మూతలకి స్కోపుల కంపెనీ వోర్టెక్స్ వాళ్లు చెప్పేది 15 నుంచి 18 ఇంచ్ పౌండ్లు, అంటే సుమారు రెండు న్యూటన్ మీటర్లే. అతిగా బిగిస్తే ట్యూబు నొక్కుకుపోయి లోపలి ఎరెక్టర్ (సర్దుబాటుకి కదిలే లోపలి గొట్టం) ఇరుక్కుంటుంది, టరెట్ (సర్దుబాటు మీట) తిప్పినా దెబ్బ చెప్పిన చోటికి పోదు, జూమ్ బిర్రుగా తిరుగుతుంది. అలా అయ్యాక స్కోపు చెడ్డదంటే ఎలా?

ఇక్కడే లాక్‌టైట్ (స్క్రూ వదులు కాకుండా పట్టే జిగురు) గొడవ వస్తుంది. రిసీవరుకి బేసును పట్టి ఉంచే స్క్రూలకి నీలం రంగుది, 242 లాంటిది, ఒక చిన్న చుక్క వేయడం మంచిదే. ఎర్రది వద్దు, తీయాలంటే వేడి చేయాల్సి వస్తుంది. రింగుల పై మూతల స్క్రూలకి మాత్రం నేను ఏదీ వేయను. తడిగా ఉన్న మర సులువుగా తిరుగుతుంది కాబట్టి, రెంచ్ మీద అదే అంకె ఉన్నా ట్యూబు మీద నొక్కు ఎక్కువ పడుతుంది. దానికి బదులు స్క్రూ తల నుంచి రింగు మీదకి పెయింట్ పెన్నుతో ఒక గీత గీస్తే చాలు. స్క్రూ తిరిగితే గీత విరిగి కనబడుతుంది, కంటి చూపుతోనే తెలిసిపోతుంది.

లోపాలూ చెప్పాలి. స్కోపును దించేటప్పుడు ఇన్సర్టు సగాలు జరుగుతాయి, వాటి అంచులు రింగు చీలికతో సమంగా లేకపోతే మళ్లీ ఎత్తి సర్దాలి. ఓపిక లేనివాళ్లకి చిరాకే. చూడ్డానికి కొంచెం లావు, సన్నటి తేలిక రైఫిల్ మీద మోటుగా అనిపిస్తాయి. మాటిమాటికీ స్కోపు తీసి పెట్టేవాళ్లకి ఇవి కావు, లివర్ ఉన్న రింగులు చూసుకోండి. 34 మిల్లీమీటర్ల ట్యూబు ఉన్న బరువైన స్కోపుకి ఇదే కంపెనీ ఎక్స్‌టీఆర్ సిగ్నేచర్ నప్పుతుంది, అది పికటిన్నీ కోసమే చేసింది, ఇన్సర్టుల పద్ధతి అదే.

ఇప్పటికే ఒకే ముక్క పికటిన్నీ బేసు, దాని మీద సరిగ్గా కుదిరిన మంచి రింగులు ఉండి, టేపు కదలకుండా ఉంటే వీటి కోసం డబ్బు పెట్టాల్సిన పని లేదు. రెండు ముక్కల బేసు ఉన్నవాళ్లు, ట్యూబు మీద గాట్లు పడుతున్నవాళ్లు, విండేజ్ చివరికొచ్చేసినవాళ్లు మాత్రం ఇంకో స్కోపు కొనే ముందు ఈ రింగులు పెట్టి చూడండి. పాతవి విప్పినప్పుడే బేసు స్క్రూలను కూడా రెంచ్‌తో ఓసారి పరీక్షించండి, లూజు అక్కడే ఉంటే ఏ రింగూ ఏమీ చేయలేదు.